పెద్దమనిషి చేనుకు ఆఖరి తడి

రాయచూరు

రైలు దిగేసరికి ఉదయం ఏడు. మార్చి నెలాఖరు కావడంతో గాలిలో అప్పటికే చల్లదనం లేదు. స్టేషను బయట ఆటో అతను నన్ను కన్నడంలో పిలిచాడు, నేను పలకకపోతే ఉర్దూలో పిలిచాడు, చివరికి తెలుగులో "ఏడికి పోవాలమ్మా?" అన్నాడు. బస్టాండుకు అన్నాను. దారిపొడుగునా ముగ్గురితో మూడు భాషల్లో మాట్లాడుతూ నడిపాడు. మా రేపల్లె వైపు ఒక భాషలోనే పోట్లాడుకుంటాం.

నా సంచిలో ఒక ఉత్తరం ఉంది. ఒక శిక్షణ సంస్థవాళ్ళు రాసింది. కొత్త ఆవిష్కరణలతో నడిచే సమాజానికి కొత్త తరహా నాయకులు కావాలనీ, అలాంటివాళ్ళ గురించి పుస్తకం వేస్తున్నామనీ, మా తమ్ముడి మీద ఎనిమిది పేజీలు రాయమనీ అడిగారు. ప్రశ్నల పట్టిక జతచేశారు. మొదటి ప్రశ్న: "ఆయన దార్శనికత ఏమిటి?" ఆ మాట మా తమ్ముడి నోట నేనెప్పుడూ వినలేదు.

తమ్ముడు వెంకటరత్నం ముప్ఫై ఏళ్ళ కిందట ఇక్కడికి వచ్చి, తుంగభద్ర కాలువ కింద ఆరెకరాలు కొన్నాడు. మావైపు నుంచి వచ్చినవాళ్ళు కట్టుకున్న ఊళ్ళను ఇక్కడ క్యాంపులంటారు. మాన్వికీ సింధనూరుకీ మధ్య ఉన్న అలాంటి క్యాంపులో, ముప్ఫై ఆరు కుటుంబాలకు నీళ్ళిచ్చే తూము పక్కనే అతని పొలం. ఫిబ్రవరిలో గుండె ఆగి పోయాడు. నాకంటే ఆరేళ్ళు చిన్న.

అతను ఆ క్యాంపులో రెండు పనులు చేశాడు. మొదటిది గొట్టం. మూరెడు ప్లాస్టిక్ గొట్టానికి రంధ్రాలు చేసి వరి మడిలో పాతాడు. పైన మట్టి ఎండినట్టు కనిపించినా, లోపల నీళ్ళు ఎక్కడున్నాయో గొట్టంలోకి చూస్తే తెలుస్తుంది. జానెడు లోతున ఎర్ర గీత ఉంటుంది. నీళ్ళు ఆ గీత దిగితేనే మళ్ళీ తడి పెట్టాలి. ముప్ఫై ఆరు కుటుంబాలవాళ్ళూ రోజూ పొద్దున తమ గొట్టం ఫొటో తీసి ఫోను గ్రూపులో పెట్టేవారు. మిగిలిన నీళ్ళు చివరి పొలాలకు చేరేవి. పత్రికలవాళ్ళు దీన్ని రాశారు.

రెండోదాన్ని ఎవరూ రాయలేదు. నీళ్ళ పంపకం చూసే తూము పెద్దగా ఎవరుంటే వాళ్ళ చేనుకు ఆఖరి తడి. ఆ పెద్ద తమ్ముడే. పెళ్ళిలో ఇంటి పెద్ద ఆఖరి బంతిలో కూర్చుంటాడు కదా, అలాగే ఇదీనని తమ్ముడు ఒకసారి ఫోనులో చెప్పాడు. ఆఖరి బంతి దాకా అన్నం ఉండేలా అతనే చూసుకుంటాడు.

బస్టాండు ఎదుట హోటల్లో సుస్లా తిన్నాను. నానబెట్టిన బొరుగులతో చేసే ఉప్మా లాంటిది, పక్కన మిరపకాయ బజ్జీ. ముప్ఫై రూపాయలు. నేను ప్లేటును అనుమానంగా చూస్తుంటే యజమాని నవ్వాడు. "ఏంది అమ్మా, మొఖం గట్ల పెట్టినవ్? జర తిని చూడు. బాగలేకుంటే పైసలియ్యకు." బాగుంది. డబ్బులిచ్చాను.

తిన్నంతసేపూ మరదలు నాగమణి ఫోనులో అన్న మాట తిరుగుతూనే ఉంది. "గురువారం మీటింగు పెట్టారు వదినగారూ. నన్నే పెద్దగా ఉండమంటున్నారు. మీరు పక్కనుంటే బాగుంటది." ఆమె ఇంకేదో చెప్పకుండా ఆపుకున్నట్టు నాకు అనిపించింది.

మాన్వి బస్సు

పక్కసీటులో యాభై ఏళ్ళ ఆడమనిషి కూర్చుంది. ఒళ్ళో గుడ్డమూట. గిల్లేసూగూరులో అక్క కూతురి పెళ్ళి చూసుకుని వస్తోందట. పేరు ఈరమ్మ.

"నువ్వు ఏ ఊరక్కా?"

"రేపల్లె దగ్గర."

"అంత దూరంకెంచి ఒక్కదానివే? మగోళ్ళు లేరా ఇంట్ల?"

లేరన్నాను. ఆమె జాలిపడలేదు. మూట విప్పి జొన్నరొట్టె, వేరుశెనగ పొడి నా చేతిలో పెట్టింది. రొట్టె ఎండి అప్పడంలా విరుగుతోంది. ఈ ఎండకు పదిరోజులైనా చెడదంది.

పొలం ఉందా అని అడిగాను. పొలాన్ని ఆమె గద్దె అంది. మూడెకరాలు కౌలుకు చేస్తోందట. ఎక్కడో చెప్పింది. నా చేతిలో రొట్టె ఆగిపోయింది. మా తమ్ముడి క్యాంపే, ఆ తూము కిందే, పొలాలకు నీళ్ళు తెచ్చే బోదె చిట్టచివర.

"పొట్ట దాటి పాలు పోసుకునే టైమక్కా. ఇప్పుడు ఒక్క తడి పడకుంటే అంత తాలే. ఇంకా ఎనిమిది దినాలకు కాలువ బంద్. రెండు తడులాయె, నా గద్దెకు చుక్క రాలే."

"ఎందుకు రాలేదు?"

"మా పెద్దాయన సచ్చిపోయె. మంచోడే. బతికినప్పుడు తన గద్దె ఆఖరుకు తడుపుకునేటోడు. ఇప్పుడేమో అందరికన్నా ముందు ఆయన గద్దెకే నీళ్ళు. పోయి చూడు, ఎట్ల పచ్చగుందో! దాన్ని చూపిచ్చి ఎనకున్నోళ్ళు, వాళ్ళెనకున్నోళ్ళు అందరు తీసుకుండ్రి. సచ్చినంక గూడ పెద్దరికమేనా అక్కా?"

నేను ఎవరినో చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. కండక్టరు టికెట్లంటూ వచ్చాడు, అతను వెళ్ళాక ధైర్యం పోయింది. ఆమె ఇంకో రొట్టె ఇచ్చింది. దాన్నీ తిన్నాను.

మాన్విలో ఏదో ఆఫీసులో కాగితం ఇవ్వాలని ఆమె దిగిపోయింది. "మంచిగ పోయిరా అక్కా," అని కిటికీలోంచి నా చెయ్యి తట్టింది. వరి బస్తాల లారీ అడ్డంగా నిలబడడంతో బస్సు అక్కడే అరగంట ఆగింది. ఆ అరగంటలోనూ నేను దిగి ఆమెను వెతకలేదు.

క్యాంపు

తమ్ముడి చేను దూరం నుంచే తెలిసింది. అంత పచ్చన చుట్టుపక్కల లేదు. ఐదు పంటలుగా నేను వచ్చినప్పుడల్లా చూసిన చేను ఇది కాదు. అప్పుడు బోదె నిండుగా దీని పక్కనుంచే పారుతూ పోయేది, ఇది మాత్రం నెర్రెలిచ్చి తన వంతు కోసం ఆగేది.

నేను కాళ్ళు కడుక్కునేలోపే సత్యనారాయణగారు వచ్చారు. పశ్చిమ గోదావరి మనిషి. తూము దగ్గరే పన్నెండెకరాలు. తమ్ముడి శవాన్ని మోసిన నలుగురిలో ఒకరు.

"చూశారా అక్కగారూ చేను? రత్నం పోయాడని చేను ఎండబెట్టారంటే మాకు మాటొస్తదండీ. పదకొండో రోజున నేనే వెళ్ళి గట్టుకి మడవ తీసి నీళ్ళు పెట్టాను. మొదటి తడి ఇక్కడే. రేపు కాక ఎల్లుండి మూడో తడి కూడా ఇక్కడి నుంచే మొదలెడతాం. ఆయ్, ఇది మా మర్యాద."

చెబుతూనే ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. అది నటన కాదు. అందుకే నాకు భయం వేసింది. దుర్మార్గం అయితే ఎదిరించడానికి ఒక దారి ఉంటుంది.

"మిగతావాళ్ళకి అందుతున్నాయా?" అన్నాను.

"అందుతాయిలెండి," అన్నాడు. "ఎటూ నీళ్ళొచ్చాయని మేమూ కాస్త తడుపుకున్నాం."

పొద్దు గుంకకముందే నాగమణి వంట చేసింది. పెళ్ళయి వచ్చిన కొత్తలో రొట్టె చూసి ఏడ్చిన మనిషి, ఇప్పుడు రెండు చేతుల మధ్య చప్పట్లు కొట్టినట్టు చేస్తోంది. గోంగూర మాత్రం మా ఇంటి రుచే. నేను బస్సు సంగతి చెప్పాను. ఈరమ్మ పేరు చెప్పాను, రొట్టె సంగతీ చెప్పాను.

నాగమణి చేతిలోని రొట్టె పెనం మీద వేసింది.

"ఐదు పంటలు వదినగారూ. పంటకొకరు పెద్దగా మారాలని కాగితం మీద రాసింది మీ తమ్ముడే. మారే రోజొస్తే, 'ఈసారికి నేనే ఉంటాలే' అనేవారు. అందరికీ హాయి. ఎవరికీ ఏదీ నేర్చుకునే పని లేదు. మా చేను మాత్రం ఐదు పంటలూ ఆఖరున. రెండుసార్లు సగం తాలు పోయింది. ఆయన్ని పేపర్లో వేశారు, నేను తాలు చెరిగాను. ఇప్పుడన్నా పచ్చగా ఉంటే నేనే వద్దనాలా?"

ఎనిమిది పేజీలు రాయడానికి వచ్చిన మనిషికి మొదటిరోజే అందిన సంగతి ఇది: మా తమ్ముడు తన తర్వాత ఎవర్నీ తయారు చేయలేదు.

గోరేబాళ

తమ్ముడి నోటుపుస్తకంలో బసవరాజు అనే పేరు చాలా చోట్ల ఉంది. పక్కన "గోరేబాళ" అని ఊరి పేరు, దానికింద "ఏ రోజున చెడింది?" అని రాసి ఉంది. బుధవారం ఉదయం నాగమణి స్కూటీ మీద తీసుకెళ్ళింది.

గట్టు మీద నా చెప్పు బురదలో కూరుకుపోయింది. లాగితే వారు తెగి వచ్చింది. బసవరాజు భార్య తన పాత చెప్పులిచ్చింది. ఒక అంగుళం పెద్దవి. ఆ తర్వాత రెండు రోజులూ వాటితోనే ఈడ్చుకుంటూ నడిచాను.

బసవరాజు అరవై దాటిన రైతు. మజ్జిగ ఇచ్చాడు. వాళ్ళ ఊళ్ళోనూ గొట్టాలు పాతారట, రెండు పంటలు నడిచి ఆగిపోయిందట.

"బాగ నడిచేది చూడనీకి మంది వస్తరమ్మా, ఫొటోలు తీస్తరు. చెడిపోయింది చూడనీకి మీ తమ్ముడొక్కడే వచ్చిండు. మూడుసార్లు. వచ్చినప్పుడల్ల ఒకటే మాట: ఏ దినం చెడింది? నాకేమెరక? కోపం గూడ వచ్చింది."

"మరి తెలిసిందా?"

"తెలిసింది. మా తూము పెద్ద తన గద్దెల నీళ్ళున్నా మళ్ళ పెట్టుకున్నడు. మేం చూసినం. పెద్ద గదా, ఆయన గొట్టంల మేమెట్ల తొంగి చూస్తం? మర్యాద ఉండదా? ఆ దినమే చెడింది." ఆయన గ్లాసు కింద పెట్టాడు. "అది చెప్తే మీ తమ్ముడు నవ్వలే."

తిరిగి వస్తుంటే, నాగమణి స్కూటీ ఆపకుండానే అడిగింది. "వదినగారూ, మన గొట్టం ఎవరన్నా చూశారా?"

తూము దగ్గర

గురువారం తెల్లవారగానే ఇద్దరం చేనులోకి వెళ్ళాం. పైన మట్టి ఆరి సన్నటి నెర్రెలు వేస్తోంది. ఎవరు చూసినా తడి పెట్టాలనే అంటారు. గొట్టానికి మూతగా తమ్ముడు కొబ్బరిచిప్ప బోర్లించేవాడు. చిప్పకూ మట్టికీ మధ్య సాలెగూడు అల్లుకుని ఉంది. ఎన్నాళ్ళుగానో ఎవరూ దాన్ని తీయలేదు.

నాగమణి చిప్ప తీసి, పుల్ల దించి పైకి లాగింది. తడి గుర్తు నేలకు నాలుగు వేళ్ళ కిందే ఉంది. ఎర్ర గీతకు ఎంతో పైన. ఈ చేనుకు ఇంకా ఎన్నో రోజులు నీళ్ళక్కర్లేదు.

"ఇప్పుడు వద్దంటే, తర్వాత కాలువ కట్టేసేలోపు మన వంతు రాకపోవచ్చు," అంది. ఆమె నన్ను అడగడం లేదు. పుల్లను చూస్తూ తనకు తానే చెప్పుకుంటోంది. కాలువ కట్టేయడానికి ఇంకా ఆరు రోజులే ఉన్నాయి.

ఏడుగంటలకు అందరూ తూము దగ్గరికి చేరారు. మగవాళ్ళు గట్టు మీద, ఆడవాళ్ళు బోదెకు ఇవతల. మడవ తీయడానికి సత్యనారాయణగారు పార కూడా తెచ్చుకున్నారు.

"మన రత్నం స్థానంలో చెల్లెమ్మ నాగమణి ఉంటది," అన్నారాయన. "ఆమె కష్టపడక్కర్లేదు, పన్లన్నీ మేం చూసుకుంటాం. ఆమె చేనుకి ఎప్పుడూ మొదటి తడే. ఎవరికైనా అభ్యంతరమా?"

అప్పుడు వెనకనుంచి ఒక గొంతు.

"ఏంది అక్కా, నువ్వు ఈడికే వచ్చింటివా? బస్సుల చెప్పకపోతివి?"

ఈరమ్మ. అందరూ నావైపు తిరిగారు.

"చెప్పాల్సింది," అన్నాను. "ఆయన మా తమ్ముడు."

ఆమె నా మొహంలోకి చూసింది. "నా రొట్టె తినుకుంట నాతోని మీ తమ్ముణ్ణే తిట్టించినవ్ గదా!" ఎవరో నవ్వారు. ఆమె నవ్వలేదు. "ఆయన సచ్చిన దినం నేను గూడ వచ్చిన. గేటుకాన్నే నిలవడిన. మంచోడు. అయినా నా గద్దె ఎండుతున్నది. అది అబద్ధమా?"

"నీది కౌలు భూమి, నువ్వు మాట్లాడకూడదు," అన్నాడొకడు.

"భూమి కౌలు, వరి నాది. అది ఎండితే నీ ఇంటికొచ్చి తినాల్నా?"

గొంతులు లేచాయి. ఇద్దరు పైకి లేచి నిలబడ్డారు. నాగమణి బోదె దాటి మధ్యలోకి వచ్చింది. చేతిలో ఆ తడి పుల్ల ఉంది.

"ఆయన పోయింతర్వాత మా గొట్టం ఫొటో గ్రూపులో ఒక్కటి కూడా రాలేదు. ఎవరన్నా అడిగారా? ఆయన ఒక్కరోజు పెట్టకపోతే గోల చేసేవాళ్ళు కదా మీరంతా. ఇవాళ నేను చూశాను. ఇదిగో." పుల్ల ఎత్తి చూపించింది. "నీళ్ళున్నాయి. రెండో తడి కూడా అక్కర్లేదేమో. మీరందరూ గొట్టాల్లోకి చూసి బతికేవాళ్ళే. మా దాంట్లోకి మాత్రం ఎవరూ చూడలా. జాలిపడ్డారు. ఆ జాలితో ఈరమ్మ చేను ఎండబెట్టారు."

సత్యనారాయణగారు ఒక అడుగు ముందుకు వేశారు. "అమ్మాయ్, మేం ప్రేమతో..."

"తెలుసు అన్నయ్యగారూ. ప్రేమే. అందుకే నేను పెద్దగా ఉండను. నేను తప్పు చేసినా నన్ను ఎవరూ అడగలేరు. మిమ్మల్ని అడగ్గలరు. మీరుండండి."

"నేనా? పన్నెండెకరాలమ్మా..."

ఆయన వాక్యం అక్కడే ఆగింది. పన్నెండెకరాలూ ఆఖరి తడికి ఆగాలి. కాలువకు ఆరు రోజులు.

"ఇప్పటిదాకా ముందు పెట్టుకున్నావు కదా బావా," అన్నాడు గట్టు మీద ఒకడు, "ఇప్పుడు ఎనక పెట్టుకో!" ఈసారి చాలామంది నవ్వారు. ఆ నవ్వులో ఆయన ఒంటరిగా నిలబడ్డాడు. కోపంతో వెళ్ళిపోతాడనుకున్నాను. ఆయన వెళ్ళిపోతే ఆయన వెనక తూము దగ్గరి చేలవాళ్ళందరూ వెళ్ళిపోతారు. ఆ సంగతి అక్కడ అందరికీ తెలుసు. నవ్వు ఆగింది.

ఆయన పార తీసుకుని నడిచాడు. తమ్ముడి చేను మడవ దగ్గర ఆగలేదు. దాన్ని దాటి తన చేను మడవ దగ్గరికి వెళ్ళి, నాలుగు పారల మట్టి వేసి మూసి, కాలితో తొక్కాడు. తిరిగి వచ్చి పార గట్టున గుచ్చాడు.

"పంటకొకరు," అన్నాడు. "వచ్చే పంటకి 'నేనే ఉంటాలే' అని నేనన్నా సరే, ఒప్పుకోకండి. రత్నం విషయంలో అదే తప్పు చేశాం."

బోదె చివర

శుక్రవారం మధ్యాహ్నం దాకా ఈరమ్మతో గట్టు మీద కూర్చున్నాను. ఆమె నాతో ఎక్కువ మాట్లాడలేదు. క్షమించమని అడిగితే, "అది సరేగాని, నీళ్ళు రానీ," అంది. దారిలో ఎవరో మడవ తీసి ఉంటారని రెండుసార్లు లేచి వెళ్ళి చూసి వచ్చింది. రెండోసారి నిజంగానే ఎవరో తీశారు. సత్యనారాయణగారు అప్పటికే అక్కడ అతనితో గొడవపడుతున్నారట.

రెండు గంటలప్పుడు బోదె చివరికి మొదట చెత్త వచ్చింది. ఎండుగడ్డి, నురగ, ఒక తెగిన చెప్పు. వాటి వెనక నీళ్ళు. ఈరమ్మ మడవ తీసి, తడిసిన చేతిని నా భుజానికి తుడిచింది.

మరుసటి రోజు సాయంత్రం రైలెక్కాను. బసవరాజు భార్య చెప్పులు నాగమణికి ఇచ్చి, తిరిగి పంపమన్నాను.

కాలువ కట్టేసిన రోజు పొద్దున నాగమణి ఒక ఫొటో పంపింది. సత్యనారాయణగారు గ్రూపులో పెట్టినదట. ఆయన చేలో గొట్టం లోపలి భాగం, ఎర్ర గీత, అడుగున ఎండిన మట్టి. కింద ఒక్క మాట కూడా రాయలేదు. ఆయన పొలంలో నాలుగెకరాలకు తడి అందలేదు. నాగమణి చేనుకు ఆ తర్వాత తడే పడలేదు. అయినా గింజ నిలిచిందంది.

శిక్షణ సంస్థవాళ్ళకు నేను ఎనిమిది పేజీలు రాయలేదు. జరిగింది ఒక పేజీలో రాసి, ఆ ఫొటో జతచేశాను. ఆగస్టులో జవాబు వచ్చింది. ఫొటో కింద వేయడానికి ఆ నాయకుడి పేరు చెప్పమన్నారు. అప్పటికి కొత్త పంట నాట్లు పడ్డాయి, పెద్ద కూడా మారి ఉంటారు. నాగమణికి ఫోను చేసి ఈసారి ఎవరని అడిగాను.

"ఈరమ్మ," అంది. "కౌలుదారు ఎట్లా ఉంటుందని నాలుగు రోజులు పోట్లాడుకున్నారు. 'నా గద్దె ఎట్లాగూ ఆఖరే, కొత్తగా నాకు పోయేదేముంది' అందంట. అందరూ నవ్వారు, ఒప్పుకున్నారు."

"ఎలా చేస్తోంది?"

"మొదటిరోజు పొద్దున్నే మనింటికొచ్చింది వదినగారూ. మంచినీళ్ళిస్తే తీసుకోలేదు. తిన్నగా చేలోకెళ్ళి మన గొట్టం మూత తీసి చూసింది."